సంఘం మారాలనుకుంటున్న సంగతిని ఇంట్లో చెప్పడం ఎలా

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు ఊరు, చదువు, ఉద్యోగం అడిగిన వెంటనే అడిగే ప్రశ్న ‘మీది ఏ సంఘం?’ అన్నది. లూథరన్ అనో, బాప్టిస్టు అనో, సి.ఎస్‌.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అనో, ఆర్‌.సి.ఎం. (రోమన్ కతోలిక) అనో, బ్రదరన్ అనో, పెంతెకొస్తు అనో, బైబిల్ మిషన్ అనో జవాబు చెప్పగానే మన తాతల ఊరు, మన ఇంట్లో పాడుకునే పాటలు, మన వాళ్లను పూడ్చిన సమాధుల దొడ్డి, కొన్నిచోట్ల మనం ఉండే పేట కూడా ఎదుటివారికి తెలిసిపోతాయి. అందుకే కొడుకు గాని, కూతురు గాని ‘నేను వేరే సంఘంలో చేరాలనుకుంటున్నాను’ అన్నప్పుడు తల్లిదండ్రుల చెవికి అది ఆరాధనా పద్ధతి గురించిన మాటగా చేరదు. ‘మీరు నన్ను పెంచిన విశ్వాసం సరిపోలేదు’ అన్న మాటగా చేరుతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా ఆ ఒక్క అపార్థాన్ని పుట్టనీయకుండా, పుట్టినా ముదరనీయకుండా చూసుకోవడం కోసమే.

నేను గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగి, ఇరవై ఏడో ఏట కతోలిక సంఘంలో చేరాను. ఆ సంగతిని ఇంట్లో చెప్పే విషయంలో నేను చేసిన పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ఆ తరువాత అదే పరిస్థితిలో నా దగ్గరికి వచ్చి సలహా అడిగినవారి అనుభవాలు మరికొన్ని ఉన్నాయి. మన ప్రాంతంలో చాలామంది నాకు ఎదురు దిశలో, అంటే లూథరన్, సి.ఎస్‌.ఐ., కతోలిక కుటుంబాల నుంచి బ్రదరన్, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల వైపు వెళుతుంటారు కాబట్టి వారి ఇళ్లలో వచ్చే చిక్కులను కూడా వీలైనంత వరకు చేర్చాను. ఎవరు ఎటు వెళ్లాలో చెప్పే పని ఇక్కడ పెట్టుకోలేదు.

మొదట మీ కారణం మీకు తెలియాలి

ఇంట్లో నోరు విప్పడానికి ముందు ఒక కాగితం మీద, ఎవరికీ చూపించే ఉద్దేశం లేకుండా, మూడు సంగతులు రాసుకోండి: ఇప్పుడున్న సంఘంలో మీకు దొరకనిది ఏమిటి, కొత్త సంఘంలో దొరుకుతున్నది ఏమిటి, పాత సంఘం మీద ఏ కోపమూ లేకపోయినా ఆ రెండో కారణం నిలబడుతుందా. మూడో ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. సంఘ ఎన్నికల్లో వచ్చిన తగాదా, కమిటీలో తండ్రికి జరిగిన అవమానం, ఆస్తుల మీద నడుస్తున్న వ్యాజ్యం, ఇష్టమైన పాస్టరు గారి బదిలీ వంటి కారణాలతో మనసు విరిగినవారు ఆ విరుపునే సిద్ధాంతంగా మార్చి చెబుతుంటారు. తల్లిదండ్రులు ఆ తగాదాలన్నీ దగ్గరగా చూసినవారే కాబట్టి ఆ మాటను క్షణంలో పట్టేస్తారు. మీ కారణం అదే అయితే అదే శాఖకు చెందిన పక్క ఊరి సంఘంలో ఆరు నెలలు ఆరాధించి చూడండి. కొన్నిసార్లు అక్కడితో సమస్య తీరిపోతుంది.

పెళ్లి కోసం మారుతున్నవారు ఆ సంగతిని దాచకూడదు. ‘పెళ్లితో సంబంధం లేదు, నాకే నమ్మకం కలిగింది’ అని చెప్పి, మూడు నెలలకు పెళ్లి మాట ఎత్తితే రెండు మాటలూ అబద్ధాలుగానే మిగిలిపోతాయి. పెళ్లి వల్లనే ఆ సంఘం పరిచయమైంది గాని, ఇప్పుడు దాన్ని దాని కోసమే ప్రేమిస్తున్నాను అనడం నిజమైతే అలాగే చెప్పండి.

కొత్త సంఘంలో కనీసం ఒక సంవత్సరం పండుగలు, ఉపవాస దినాలు, మామూలు ఆదివారాలు అన్నీ చూశాకనే మాట కదపడం మంచిదని నా అభిప్రాయం. కతోలిక సంఘంలో పెద్దవారిని చేర్చుకునే ముందు బోధన కోసం నెలల తరబడి సమయం తీసుకుంటారు కాబట్టి అక్కడ ఈ వ్యవధి దానంతటదే దొరుకుతుంది. కొన్ని సంఘాల్లో మాత్రం నాలుగు ఆదివారాలు రాగానే ‘వచ్చే వారమే నీళ్లలోకి దిగి బాప్తిస్మం తీసుకో, అమ్మానాన్నలకు తరువాత చెప్పుకోవచ్చు’ అనేవారు ఉంటారు. తల్లిదండ్రులతో మాట్లాడేవరకు ఆగమని మీరు అడిగినప్పుడు ఆ సంఘం ఎలా స్పందిస్తుందో గమనించండి. ఆ గమనింపు మీ నిర్ణయానికి కూడా పనికివస్తుంది.

ఇంటి సంఘం ఇంటికి ఎలా వచ్చిందో అడగండి

ఈ పనిని చాలామంది చేయరు. నేనూ ఆలస్యంగా చేశాను. మీ నానమ్మ గాని, అమ్మమ్మ గాని, ఇంట్లో ఇంకెవరైనా పెద్దవారు గాని ఉంటే, మీ నిర్ణయం సంగతి ఎత్తకుండానే, మన కుటుంబం ఈ సంఘంలోకి ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందని అడిగి ఓపికగా వినండి. మన దగ్గర శాఖ అన్నది చాలావరకు భూగోళం నిర్ణయించిన విషయం. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు కాబట్టి ఆ చుట్టుపక్కల లూథరన్ సంఘాలు పుట్టాయి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ఆ ప్రాంతపు బాప్టిస్టు ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. కరువు రోజుల్లో పనికి వచ్చిన కూలీల చేతులతో లేచిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. ప్రొటెస్టెంటు మిషన్లు ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకూడదని తమలో తాము ఒప్పందాలు కూడా చేసుకున్నాయి. అంటే మీ ముత్తాత పక్క జిల్లాలో పుట్టి ఉంటే మీ ఇల్లు ఇవాళ వేరే సంఘంలో ఉండేది.

సంఘం మారడం కూడా మన ఇళ్లకు కొత్త కాదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన రోజున దోర్నకల్, మెదక్, కృష్ణా ప్రాంతాల ఆంగ్లికన్లు, మెథడిస్టులు ఒకే సంఘస్థులయ్యారు. లూథరన్ సంఘంలో పనిచేసిన దేవదాసు అయ్యగారు 1938లో బైబిల్ మిషన్ ప్రారంభించినప్పుడు ఎన్నో లూథరన్ కుటుంబాలు రెండుగా చీలి, మళ్లీ పెళ్లిళ్లతో కలిశాయి. సువార్తికుడు బక్త్ సింగ్ గారు నెలకొల్పిన హెబ్రోను అనే స్వతంత్ర సంఘపు కూడికల వల్ల హైదరాబాదులోనూ, కోస్తాలోనూ పాత మిషన్ సంఘాల నుంచి బయటికి వచ్చినవారు చాలామంది ఉన్నారు. మీ కుటుంబంలోనే అలా వెళ్లిన పెదనాన్నో, మేనత్తో ఉండి ఉండవచ్చు.

అయితే ఈ చరిత్రను వాదనకు వాడకూడదు. ‘తాతగారు మారలేదా, నేను మారితే తప్పేమిటి’ అన్న ఒక్క మాటతో ఆ తాతగారి జ్ఞాపకం మీద మీరు చేయి వేసినట్లవుతుంది. ఈ విచారణ వల్ల అసలు లాభం మరొకటి: మీ పెద్దలు ఆ సంఘం కోసం ఏమేమి పోగొట్టుకున్నారో, ఎవరి చేత వెలివేయించుకున్నారో, ఏ బడిలో మొదటి అక్షరం దిద్దారో మీకు తెలుస్తుంది. అది తెలిసిన తరువాత మీ గొంతు దానంతటదే మెత్తబడుతుంది.

ఎవరికి, ఎప్పుడు

మీ నిర్ణయం మీ నోటి నుంచి కాక వేరొకరి నోటి నుంచి తల్లిదండ్రులకు తెలియకూడదు. నా విషయంలో ఈ నియమమే తప్పింది. నేను ప్రతి ఆదివారం గుంటూరులో కతోలికుల పూజకు వెళుతున్న సంగతిని మా సంఘపెద్ద ఒకరు చూసి, ఆరాధన ముగిసి అందరూ బయట నిలబడి ఉన్నప్పుడు, పదిమంది ఎదుట మా నాన్నగారిని ‘మీవాడు ఆర్‌.సి.ఎం.లో కలిశాడటగా’ అని అడిగారు. నాన్నగారు ‘అవును, నాకు తెలుసు’ అని అబద్ధం ఆడవలసి వచ్చింది. నిర్ణయం గురించిన బాధను ఆయన ఏడాదిలో మరిచిపోయారు గాని, ఆ అబద్ధం ఆడవలసి వచ్చిన క్షణాన్ని మరిచిపోవడానికి చాలా కాలం పట్టింది. కాబట్టి కొత్త సంఘంలో మీరు కనిపించడం మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే ‘నేను అప్పుడప్పుడు ఫలానా చోట ఆరాధనకు వెళుతున్నాను’ అన్న చిన్న సంగతినైనా ఇంట్లో చెప్పి ఉంచండి. కొత్త సంఘంవారు మీ ఫోటోను వాట్సాప్ గ్రూపులో గాని, యూట్యూబ్ ప్రసారంలో గాని పెట్టకుండా ముందే అడగండి. మన ఊళ్లలో వార్త ఆ దారిలోనే ముందుగా నడుస్తుంది.

చెప్పడానికి క్రిస్మస్, మంచి శుక్రవారం, ఈస్టరు దినాలు పనికిరావు. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు, ఎవరైనా జబ్బుతో ఉన్నప్పుడు, భూస్థాపన అయిన కొత్తలో కూడా వద్దు. కుటుంబ ప్రార్థనలో ప్రార్థన అంశంగా ఈ సంగతిని బయటపెట్టేవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. ప్రార్థనలో చెప్పిన మాటకు ఎదురు చెప్పే అవకాశం తల్లికి ఉండదు, కళ్లు మూసుకుని ఆమేన్ అనవలసి వస్తుంది. రాత్రి భోజనాలు అయిన తరువాత, మరునాడు ఎవరికీ తొందర పని లేనప్పుడు, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పడం అన్నిటికన్నా మేలు.

ముందుగా మేనమామకో, పెద్దన్నయ్యకో చెప్పి ఆయన చేత చెప్పించడం మన ఇళ్లలో అలవాటు. తండ్రి కోపిష్ఠి అయినచోట అది అవసరమే. అయినా ఆ మధ్యవర్తి పని వాతావరణాన్ని సిద్ధం చేయడంతో ముగియాలి. అసలు మాట మీరే చెప్పాలి. పెద్దవయసు వచ్చిన నానమ్మకు వేరుగా, పక్కన కూర్చుని, చేయి పట్టుకుని చెప్పండి. కువైట్‌లోనో, దుబాయ్‌లోనో పనిచేస్తూ అక్కడి తెలుగు ఆరాధనలో చేరినవారు, అమెరికాలో చదువుకుంటూ మారినవారు సెలవుకు ఇంటికి వచ్చేవరకు ఆగగలిగితే ఆగాలి. ఆగలేకపోతే వీడియో కాల్‌లో ముఖం చూస్తూ చెప్పాలి గాని, వాయిస్ మెసేజ్ పెట్టి ఊరుకోకూడదు.

ఏ మాటలతో చెప్పాలి

మొదటి మాట కృతజ్ఞత అయి ఉండాలి, అది కూడా పేరుపెట్టి చెప్పేదై ఉండాలి. ‘మీరు నాకు మంచి విశ్వాసం నేర్పారు’ అన్నది గాలిమాటగా ఉంటుంది. ‘అమ్మా, పరీక్షల రోజుల్లో తెల్లవారుజామున నువ్వు నన్ను లేపి కీర్తన చదివించినది నాలో ఇప్పటికీ ఉంది, నాన్నా, జీతం రాగానే మీరు కానుక కవరు పక్కన పెట్టడం చూసి నేను నేర్చుకున్నాను’ అన్నది వారికి చేరుతుంది. ఆ తరువాత తిప్పకుండా, ఒకే వాక్యంలో అసలు సంగతి చెప్పాలి: ‘నేను ఏడాదిగా ఫలానా సంఘంలో ఆరాధిస్తున్నాను, అక్కడే చేరాలనుకుంటున్నాను, అందరికన్నా ముందు మీకు చెప్పాలని ఆగాను.’ కారణం అడిగినప్పుడు ఒక్క కారణమే చెప్పండి. పది కారణాలు చెబితే అది ఫిర్యాదుల చిట్టాగా వినబడుతుంది.

కొన్ని మాటలు మీకు కొత్త సంఘంలో రోజూ వినబడతాయి గాని ఇంట్లో వాటి అర్థం మారిపోతుంది. ‘నేను ఇప్పుడు రక్షణ పొందాను’ అని మీరంటే, నలభై ఏళ్లుగా ఆదివారపు బడిలో పాఠం చెప్పిన తల్లికి ‘నువ్వు ఇంకా పొందలేదు’ అని వినబడుతుంది. ‘సత్యం తెలిసింది’, ‘వెలుగులోకి వచ్చాను’, ‘నామకార్థ క్రైస్తవులు’, ‘ఆచారాల సంఘం’ వంటివి కూడా అంతే. కతోలిక తల్లి ఎదుట మరియమాత స్వరూపాన్ని చూపించి విగ్రహం అనే మాట అనకండి. ఫిబ్రవరి 11న గుణదల కొండకు మోకాళ్ల మీద ఎక్కి మీ కోసం మొక్కుకున్న మనిషి ఆమె. నా దారిలో వచ్చేవారికి వేరే ప్రలోభాలు ఉంటాయి: ‘అసలైన సంఘం’, ‘రెండు వేల సంవత్సరాల సంఘం’, ‘మీది 1517లో లూథర్‌తో పుట్టింది’ అని చెప్పాలనిపిస్తుంది. నేను మొదటి వారంలోనే ఆ మాట అన్నాను. దానివల్ల ఒక్క మంచి కూడా జరగలేదు.

పత్రాలు, ఒప్పందాలు ఉదహరించడం వల్ల కూడా ఇంట్లో పెద్దగా ప్రయోజనం ఉండదు. కతోలిక సంఘమూ, లూథరన్ ప్రపంచ సమాఖ్యా మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా తీర్చబడడం గురించి 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. అది నాకు ఎంతో ధైర్యం ఇచ్చిన సంగతి కాబట్టి నాన్నగారికి వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ‘అయితే మీ నానమ్మ నిన్ను ఎత్తుకుని తెచ్చి ఇప్పించిన బాప్తిస్మం వాళ్లు ఒప్పుకుంటారా?’ అని అడిగారు. ఇళ్లలో అసలు ప్రశ్న అదే.

బాప్తిస్మం సంగతి

ఈ ఒక్క విషయంలో మీరు పూర్తి సమాచారంతో వెళ్లాలి, ఎందుకంటే ఇక్కడ మీరు తడబడితే మిగిలినదంతా తడబడుతుంది. కతోలిక సంఘం, నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని దాదాపు ఏ సంఘంలో ఇచ్చినా గుర్తిస్తుంది. అలా పొందినవారికి మళ్లీ జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కతోలికులు వాడే పేరు) ఇవ్వదు. బాప్తిస్మ ధ్రువపత్రం చూస్తారు, బోధన ఇస్తారు, ఆ తరువాత విశ్వాస ప్రమాణం చేయించి, భద్రమైన అభ్యంగనం (నూనెతో అభిషేకించే సంస్కారం), దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనం) ఇచ్చి చేర్చుకుంటారు. యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇచ్చే సంఘాల నుంచి వచ్చినవారి విషయం వేరు. వారికి జ్ఞానస్నానం ఇస్తారు. లూథరన్, సి.ఎస్‌.ఐ. సంఘాలు ఒకరి శిశు బాప్తిస్మాన్ని మరొకరు గుర్తిస్తాయి కాబట్టి వాటి మధ్య మారేవారు సంఘకాపరి నుంచి లేఖ తెచ్చుకుంటే సరిపోతుంది. ‘నానమ్మ ఇప్పించిన బాప్తిస్మం అలాగే ఉంటుంది, దాని ఆధారంగానే నన్ను చేర్చుకుంటున్నారు’ అని నేను చెప్పగలిగిన రోజున మా ఇంట్లో సగం బరువు దిగింది.

బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాలకు వెళ్లేవారికి ఈ ఊరట ఉండదు. పసితనంలో పొందిన బాప్తిస్మాన్ని ఆ సంఘాలు బాప్తిస్మంగా లెక్కించవు కాబట్టి ముంచుడు బాప్తిస్మం తీసుకోమంటాయి. మీ దృష్టిలో అది మొదటిది. మీ తల్లి దృష్టిలో అది రెండోది, అంటే మొదటిదాన్ని రద్దు చేసేది. ఎఫెసీ పత్రికలోని ‘ఒక్కటే బాప్తిస్మం’ అన్న మాటను ఇరువైపులవారూ చూపిస్తారు, ఇరువైపులా అది తమ పక్షానే ఉందని నమ్ముతారు. ఈ భేదాన్ని మాటలతో మాయం చేయడానికి ప్రయత్నించకండి. ‘నేను తీసుకోబోయేది నా అంతట నేను ఒప్పుకుని తీసుకునేది. మీరు నన్ను దేవునికి అప్పగించిన రోజును నేను తక్కువ చేయడం లేదు. ఆ రోజు మీరు చేసిన ప్రార్థన ఫలించబట్టే ఇవాళ నేను ఈ నిర్ణయానికి వచ్చానని నమ్ముతున్నాను’ అని చెప్పవచ్చు. ఈ మాట మీకు నిజంగా నమ్మకమైతేనే చెప్పాలి.

తేదీ దాచకూడదు. చెరువు దగ్గరో, కాలువ దగ్గరో, చర్చిలోని తొట్టిలోనో బాప్తిస్మం జరిగే రోజును ముందే చెప్పి, రమ్మని ఒకసారి పిలిచి, రాకపోతే నొచ్చుకోకుండా ఉండాలి. కొన్ని సంఘాల్లో ఆ సందర్భంలో కొత్త పేరు పెట్టుకోమని చెప్పేవారు ఉన్నారు. తల్లిదండ్రులు బైబిలు తెరిచి వెతికి పెట్టిన పేరును మార్చుకునే ముందు చాలాసార్లు ఆలోచించండి.

బల్ల, పెళ్లి, సమాధి

మారిన తరువాత ఇంటివారితో కలిసి పాత సంఘానికి వెళ్లిన మొదటి పండుగ ఆరాధనలో ఒక దృశ్యం తప్పక ఎదురవుతుంది. అందరూ ప్రభు భోజనానికి లేచి వెళతారు, మీరు బెంచీలో కూర్చుని ఉంటారు. కతోలిక సంఘంలో చేరినవారు లూథరన్, సి.ఎస్‌.ఐ. బల్లలో పాలు పొందకూడదు. మీ తల్లిదండ్రులు మీ పూజకు వచ్చినా వారికి దివ్యసత్ప్రసాదం ఇవ్వరు. బ్రదరన్ కూడికల్లోనూ రొట్టె విరిచేటప్పుడు సహవాసంలో ఉన్నవారే తీసుకుంటారు. ఈ సంగతిని ఆ ఉదయం వరకు ఆపకుండా వారాల ముందే తల్లికి చెప్పి ఉంచండి. బెంచీలో ఒంటరిగా కూర్చున్న కొడుకును హఠాత్తుగా చూడడం ఏ తల్లికైనా కష్టం. శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘంలో చేరేవారు శనివారం నాడు జరిగే బంధువుల కార్యాల గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి.

పెళ్లి విషయంలో తల్లిదండ్రులకు రెండు భయాలు ఉంటాయి. చట్టం గురించిన భయాన్ని తీర్చడం తేలిక: 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం క్రైస్తవులందరికీ ఒకటే, శాఖ మారితే అది మారదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం బీసీ-సీ జాబితాలో ఉంటారు. ఆ జాబితా కూడా క్రైస్తవ శాఖల మధ్య తేడా చూడదు. కతోలిక వ్యక్తి మరొక శాఖవారిని పెళ్లి చేసుకోవాలంటే సంఘాధికారుల అనుమతి అవసరం, పిల్లలను కతోలికులుగా పెంచడానికి తన శక్తికొద్దీ ప్రయత్నిస్తానని కతోలిక వ్యక్తి మాట ఇవ్వాలి. ఈ రెండూ దాచి తరువాత బయటపెడితే వియ్యంకుల మధ్య తగువులు వస్తాయి. రెండో భయాన్ని ఎవరూ పైకి చెప్పరు. చాలా ఊళ్లలో సంఘం అంటే ఒక పేట, ఒక కులం. ‘ఆ సంఘంలో ఎవరుంటారు?’ అని తండ్రి అడిగినప్పుడు ఆయన అడుగుతున్నది పాస్టరు గారి పేరు కాకపోవచ్చు. చెల్లెలి పెళ్లి ఏమవుతుందోనన్న దిగులు కూడా అందులో కలిసి ఉంటుంది. ఆ దిగులును అవమానించకుండా, కులం గురించి మాత్రం మెత్తబడకుండా జవాబు చెప్పడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. ప్రభువు బల్ల దగ్గర ఎవరి పక్కన నిలబడడానికైనా నాకు సంతోషమేనని ఒకసారి స్పష్టంగా చెప్పి, చెల్లెలి సంబంధాల విషయంలో మీ వంతు బాధ్యత ఏమిటో వెంటనే చెప్పండి.

సమాధి మాట కూడా వస్తుంది. ‘మేము పోతే నువ్వు వస్తావా? నువ్వు పోతే నిన్ను ఎక్కడ పెడతారు?’ అని మా అమ్మ అడిగింది. మన ఊళ్లలో సమాధుల దొడ్లు సంఘానికొకటిగా ఉన్నచోట ఇది నిజమైన ప్రశ్న. పాత సంఘంలో సభ్యత్వం పోతే కుటుంబ సమాధుల పక్కన చోటు ఇస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. జ్ఞాపకార్థ కూడికలకు వెళ్లవద్దని చెప్పే కొత్త సంఘాలు కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదైతే, చేరకముందే అక్కడి పాస్టరు అయ్యగారితో మాట్లాడి, మా అమ్మానాన్నల భూస్థాపనకు, కూడికలకు నేను నిలబడతానని చెప్పి ఉంచండి. ఇంట్లో ఇవ్వగలిగిన మాటను స్పష్టంగా ఇవ్వండి. నేను అమ్మకు ఇచ్చిన మాట ఇది: నువ్వు ఏ పాటలు పాడమంటావో నాకు రాసి ఇవ్వు, అవే పాడతాను.

చెప్పిన తరువాత

మొదటి రాత్రి మౌనాన్ని జవాబుగా తీసుకోకండి. తెల్లవారి అమ్మ ఏమీ జరగనట్టు టీ తెచ్చి ఇస్తే, అంగీకరించిందని గాని, కోపంగా ఉందని గాని లెక్క వేయకుండా తాగండి. మరునాడు, ఆ మరునాడు కూడా ఇంట్లో కుటుంబ ప్రార్థన జరిగితే మీ చోట మీరు కూర్చోండి. అందులో మీరు మానవలసినది ఏదీ లేదు.

పాస్టరు గారిని పిలిపించడం సహజం. ఆయన వస్తే గౌరవంగా కూర్చోబెట్టి, చెప్పినదంతా విని, ‘మీరు వచ్చినందుకు కృతజ్ఞుణ్ణి, మీ ప్రార్థన నాకు కావాలి’ అనండి. వాదనలో మీరు గెలిచినా తండ్రి ఎదుట ఆయన సంఘకాపరిని ఓడించినవారవుతారు. మీ కొత్త సంఘం నుంచి కూడా ఎవరినీ ఆ సమావేశానికి తీసుకురావద్దు. తండ్రి సంఘపెద్ద గాని, డీకను గాని, స్వయంగా పాస్టరు గాని అయినచోట మీ మార్పు ఆయన పదవిని తాకుతుంది. అలాంటి ఇంట్లో, తన సంఘానికి తన నోటితో చెప్పుకునే వ్యవధి ఆయనకు ఇవ్వండి. రెండు మూడు నెలలు ఆగడం వల్ల మీ విశ్వాసానికి నష్టం ఉండదు.

చదువుకుంటూ తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నవారు, పద్దెనిమిదేళ్లు నిండనివారు తొందరపడి సభ్యత్వం మార్చుకోకుండా ఆరాధనకు వెళ్లే అనుమతి మాత్రమే అడగడం మంచిది. కొట్టడం, గదిలో బంధించడం, బలవంతపు పెళ్లికి సిద్ధం చేయడం వంటివి జరిగితే అక్కడ ఇక మర్యాదల గురించి ఆలోచించకుండా నమ్మకమైన బంధువు ఇంటికి వెళ్లండి. 112కు గాని, స్త్రీలైతే 181కు గాని ఫోన్ చేయండి.

చివరి పని పాత సంఘానికి లేఖ ఇవ్వడం. చాలామంది రావడం మానేసి అలాగే జారుకుంటారు. అప్పుడు చందా పుస్తకంలో బాకీలు పేరుకుపోయి, ఆ పేరు చదివినప్పుడల్లా తల్లిదండ్రులు తల దించుకోవలసి వస్తుంది. బాకీ ఉంటే కట్టేయండి. లేఖ ఒక పేజీ దాటకూడదు: ఈ సంఘంలో పొందిన బాప్తిస్మం, ఆదివారపు బడి, కన్ఫర్మేషన్ వంటివాటికి కృతజ్ఞత, ఫలానా సంఘంలో చేరుతున్నానన్న సమాచారం, బాప్తిస్మ ధ్రువపత్రం నకలు ఇప్పించమన్న విన్నపం. ఫిర్యాదు ఒక్కటి కూడా ఉండకూడదు. ఇచ్చే ముందు దాన్ని తండ్రికి చూపించండి. మా నాన్నగారు నా లేఖలో రెండు అక్షరదోషాలు దిద్ది, మా కుటుంబం ఎన్ని తరాలుగా ఆ సంఘంలో ఉందో తెలిపే వాక్యం ఒకటి చేర్చమన్నారు. చేర్చి తిరిగి రాసి ఇచ్చాను. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ బయట నిలబడి ఉన్నప్పుడు, ఆయనే దాన్ని తీసుకువెళ్లి అయ్యగారి చేతికి ఇచ్చారు.